శుద్ధి కంచంలో ఉందా?

మన ఇళ్లలో వారంలో ఎక్కువ రోజులు ఉడికేది ఆకుకూరలూ కాయగూరలే. గోంగూర పప్పు, బీరకాయ కూర, చింతపండు పులుసు, చవకగా దొరికిన రోజున పిల్లలకు జామకాయలు. ఇది మన తిండి, వ్రతం కాదు. అయినా అద్దె ఇంటికి వెళితే 'శాకాహారులకే' అంటారు. చాలాసార్లు ఆ మాట ఆరా తీసేది కూరను కాదు, కులాన్ని.

సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం ఈ ప్రశ్నకే జవాబు. ఆమగంధమంటే పచ్చిమాంసపు వాసన. అది మాంసం తినడంలో లేదు; చంపడంలో, దొంగతనంలో, అబద్ధంలో, మోసంలో ఉంది అంటుంది సుత్తం. భిక్షువులకు చేపనూ మాంసాన్నీ నిషేధించాలని దేవదత్తుడు పట్టుబడితే తథాగతుడు ఒప్పుకోలేదు. అలాగని హింసను సరే అనలేదు. తమ కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం కలిగినా భిక్షువులు ఆ మాంసం ముట్టరాదన్నాడు.

మరి కాయగూరల భోజనానికి పరీక్ష లేదా? పొద్దున్నే గోంగూర తుంచి, వండి, అందరికీ వడ్డించిన ఆమె చివరికి గిన్నె అడుగున మిగిలిన పులుసుతో సరిపెట్టుకుంటే, ఆ వంటలో ఏ ప్రాణీ చావకపోయినా ఆమగంధం అక్కడుంది. ఆమె వాటా కూర ముందే తీసి పక్కన పెట్టే ఇళ్లు మనలోనూ తక్కువే.