నడక – నిఘా: కంపవాత రోగులు ధరించే పరికరాలపై నైతిక పరిశీలన

కీలక పదాలు: కంపవాతం, పతన నివారణ, ధరించే పరికరాలు, సమ్మతి, పశ్చిమ ప్రకాశం

ఉపోద్ఘాతం:
1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వ్యాధి ఆయుర్వేదంలో కంపవాతంగా, ప్రజల వాడుకలో వణుకుడు జబ్బుగా ప్రసిద్ధం. దూలగొండి గింజల నుండి లెవోడోపాను 1937లో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి వేరుచేశారు. నేటికీ ఈ వ్యాధికి అదే ప్రధానౌషధం. అయితే మందు బిగుసుదనాన్ని తగ్గించినంతగా పడిపోవడాన్ని ఆపలేదు. ఆ లోటును పూరించడానికి వచ్చినవే ధరించే పరికరాలు. అవి రోగిని కాపాడుతున్నాయా, కాపలా కాస్తున్నాయా అన్నది ఇక్కడి ప్రశ్న.

రెండు విధాల పరికరాలు:
ఈ పరికరాలలోని సెన్సార్లు దేహపు కదలికను, వంపును కొలుస్తాయి. మొదటి రకం, మనిషి పడిన తరువాత దూరాన ఉన్నవారి ఫోనుకు కబురు పంపుతుంది. నిజానికి ఇది నివారణ కాదు, సమాచారం. రెండవ రకం, అడుగు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిన క్షణంలో లయబద్ధమైన శబ్దాన్నో, ప్రకంపననో, పాదం ముందు ఒక వెలుగు గీతనో రోగికే అందిస్తుంది. లోపలి లయ సడలినప్పుడు బయటి సంకేతం ఆసరాగా కొందరికి అడుగు మళ్ళీ సాగుతుంది. పలకలకు పేరుపడిన మార్కాపురంలో, బలపంతో నేలపై అడ్డంగా గీసిన గీతలు సైతం ఇదే సూత్రంపై పనిచేయగలవు.

కబురు ఎవరికి?
కరవు వల్ల వలసలు సాధారణమైన పశ్చిమ ప్రకాశంలో ఈ భేదం కీలకమైనది. గిద్దలూరులో తల్లి, బెంగళూరులో కుమారుడు ఉన్నారనుకుందాం. ఆమె తూలిన ప్రతిసారీ కుమారునికి కబురు అందుతుంది. లేవదీయవలసినది మాత్రం పొరుగింటివారే. కబుర్లు పెరిగినకొద్దీ కుమారుని భయం “అమ్మా, నువ్వు లేవవద్దు” అన్న ఆజ్ఞగా మారుతుంది. కూర్చుండిపోయిన దేహంలో కండబలం తగ్గి, మరుసటి పతనం మరింత చేరువవుతుంది. పతనాల సంఖ్య సున్నాకు చేరినా, నడక కూడా సున్నా అయినప్పుడు దానిని విజయమనలేము.

ఆక్షేపణ – సమాధానం:
తుంటి ఎముక విరిగి గంటల తరబడి నేలపై పడి ఉన్నవారి విషయంలో గోప్యతను గూర్చిన చర్చ విలాసమే కదా అన్న ఆక్షేపణ బలమైనది. అయితే అది ఆపదలో పిలుపును సమర్థిస్తుందే తప్ప, రేయింబవళ్ళు ప్రతి అడుగునూ నమోదు చేయడాన్ని సమర్థించదు. ఈ రెంటినీ వేరుచేయడం సాధ్యమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పార్కిన్సన్స్ వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, స్వీయ నిర్ణయ స్వేచ్ఛను తన పీఠికలోనే పేర్కొన్నది.

వ్యాధి ముదిరి జ్ఞాపకశక్తి, వివేచన క్షీణించినవారి సమ్మతి మాటేమిటన్నది మరింత జటిలమైన ప్రశ్న. తెలివి స్పష్టంగా ఉన్నప్పుడే ఏ కబురు ఎవరికి వెళ్ళాలో రోగినే అడగాలి. వ్యాధి మారినప్పుడల్లా మళ్ళీ అడగాలి. మాట పోయిన దశలో పరికరాన్ని పదేపదే తీసివేసే చేతిని మొండితనంగా కాక, ఒక అభ్యంతరంగా గ్రహించాలి.

ముగింపు:
చేతికర్ర పట్టుకున్నవాని మాట వింటుంది. అతని నడకను గూర్చి మరొకరికి చెప్పదు. ధరించే పరికరానికీ ఇదే ప్రమాణం కావాలి. సంకేతం మొదట నడిచేవారికి అందాలి, దానిని ఆపే అధికారం వారికే ఉండాలి. పడనీయకపోవడం ఒక్కటే సంరక్షణ కాదు. తన వీధిలో తాను నడవగలగడం అందులో ప్రధాన భాగం.