సిలోయము గోపురము, చంద్రునిపై కూలిన నౌక



ఈ మాసము లూకా సువార్త 13వ అధ్యాయములోని మొదటి అయిదు వచనములను చదువుకొని, పిమ్మట ఈ వ్యాసమును చదువవలెనని కోరుచున్నాము. ఆ వాక్యభాగమును మేము సెమినరీలో చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి, సంఘములలో పలుమారులు బోధించితిమి. అయినను దానికి సరిగా ఎదురు నడిచిన దినమొకటి మా సేవలో ఉన్నది. ఆ సంగతి వ్రాయుచున్నాము.

2019వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీ శనివారము, తెల్లవారకముందే, మన దేశము పంపిన చంద్రయాన్-2 లోని విక్రమ్ అను ల్యాండరు చంద్రుని దక్షిణధ్రువము వైపున దిగవలసియుండెను. రాత్రి రెండు గంటలు కావచ్చుచుండగా, దిగవలసిన నేలకు ఇక రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున నుండగా, దానినుండి వచ్చుచున్న సంకేతములు ఆగిపోయెను. మా గ్రామము ఉప్పలు దాటి తూర్పునకు పోవు దారిలోనిది. ఆ రాత్రి పిల్లలు నిద్ర మానుకొని టి.వి. ముందు కూర్చుండిరి. ఏడ్చిన పిల్లలును ఉండిరి.

మరునాడు ఆదివారము. సిద్ధపరచుకొన్న ప్రసంగమును ప్రక్కన పెట్టి, ఆదికాండము 11వ అధ్యాయమును తెరచితిమి. బాబెలు గోపురమును గూర్చి చెప్పి, దేవుని అడుగక మనుష్యుడు ఆరంభించిన పనిని దేవుడే పడగొట్టునని బల్లగుద్ది పలికితిమి. సంఘమంతయు ఆమేన్ అనెను. నిజము చెప్పవలెనన్న, ఆ ఆమేన్ మా చెవికి తియ్యగానే ఉండెను.

ఆరాధన ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడు చెప్పులు తొడుగుకొనుచు ఆగెను. నాచారము పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేయువాడు. చేతులు కట్టుకొని, "అయ్యగారూ, ఏమనుకోకండి. మా షాపులో ఒక పీసు రిజెక్టయితే, టూలు అరిగిందా, మైక్రోమీటరు తప్పు చూపిందా, నా చెయ్యి జారిందా అని చూస్తం. దాని మీద పాపం అని రాసి పక్కన పెట్టం" అనెను. మేము నవ్వి, నీ లేతు వేరు, దేవుని వాక్యము వేరు నాయనా అని అతని భుజము తట్టి పంపివేసితిమి. అతడు మరల ఆ మాట ఎత్తలేదు.

ఆ యౌవనస్థుడు చెప్పినట్లే ఇస్రోవారు చేసిరి. ఏమి జరిగెనో విచారించుటకు ఒక సంఘమును ఏర్పరచి, ఆ చివరి నిమిషములలో వచ్చిన లెక్కలన్నిటిని విప్పి చూచిరి. విక్రమునకు అయిదు ఇంజనులుండెను. వేగము తగ్గించుటకు అవి ఇచ్చిన బలము అనుకొన్నదానికంటె కొంచె మెక్కువయ్యెను. ఆ కొంచెములన్నియు కూడబడెను. నౌక నిలకడగా నుండి క్రింది నేలను ఫొటోలు తీయవలసిన ఘట్టములో వాటిని సరిదిద్దుకొనుటకు వీలు లేకపోయెను. తరువాత త్వరత్వరగా మళ్లవలసి వచ్చినప్పుడు, ఇంతకంటె వేగముగా మళ్లరాదని కంప్యూటరులో ముందుగా పెట్టిన హద్దు అడ్డుపడెను. దానికితోడు దిగుటకు చూపిన చోటు అయిదు వందల మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల చిన్న మడి. చివరకు విక్రమ్ నేలను గట్టిగా గుద్దుకొనెను. దిగవలసిన చోటికి అయిదు వందల మీటర్ల లోపలనే పడెనని ఆ సంవత్సరమే ప్రభుత్వము లోక్‌సభకు తెలియజేసెను.

చదువరులారా, ఇందులో ఏ ఇంజనును గర్వపడలేదు. మేము బాబెలని పేరుపెట్టినది వారికి కొన్ని లెక్కలుగా కనబడెను, ఆ లెక్కలను వారు దాచలేదు.

నాలుగేండ్లు గడిచెను. 2023వ సంవత్సరము జూలై 14న శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 బయలుదేరెను. ఈసారి అది ఎట్లు గెలుచునని కాక, ఎక్కడెక్కడ చెడిపోవచ్చునని అడుగుచు దానిని కట్టితిమని అప్పటి ఇస్రో అధ్యక్షులు సోమనాథ్ గారు చెప్పిరి. అయిదు ఇంజనులకు బదులు నాలుగు పెట్టిరి. కాళ్లను గట్టిపరచిరి. ఇంధనము హెచ్చించిరి. ఎటు ఒరిగి దిగినను ఎండ తగులునట్లు సౌరఫలకములను పెంచిరి. దిగు చోటును సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పునకు పెద్దది చేసిరి. 2019లో ల్యాండరును తీసికొనిపోయిన తోడు నౌక ఆ నాలుగేండ్లును చంద్రుని చుట్టు తిరుగుచునే యుండెను. అది తీసిన ఫొటోలే క్రొత్తదానికి చోటు చూచిపెట్టుటకు తోడ్పడెను. ఆగస్టు 23, బుధవారము సాయంకాలము ఆరు గంటలు దాటగానే విక్రమ్ దిగెను. మా వీధిలో టపాకాయలు ప్రేలెను.

ఇక్కడ మన ప్రాంతపు మాట ఒకటి చెప్పనిండు. చంద్రునినుండి వచ్చు సన్నని సంకేతములను వినుటకు బెంగళూరు సమీపమున బ్యాలాలులో 32 మీటర్ల వెడల్పు గల పెద్ద యాంటెన్నా ఉన్నది. చంద్రయాన్-1 పోయిన 2008 కాలమున దానిని తయారుచేసినది నాచారమునకు సమీపముననే యున్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. ఆ కంపెనీ బస్సులు మన ఉప్పలు చౌరస్తాలో ఆగుట చూచినవారే గాని, ఆ లోపల చంద్రుని మాటలు వినుటకు చెవి చేసిరని మనలో ఎందరెరుగుదురు? మేమును ఎరుగము, ఆ ప్రసంగము చేసిన దినమున.

ఆ వారము, ఆగస్టు 27 ఆదివారమున, మేము స్తుతి ఆరాధన పెట్టితిమి. దేవుడు మన దేశమును ఘనపరచెనని ప్రార్థించితిమి. సంఘమంతయు మరల ఆమేన్ అనెను. 2019లో మేము చెప్పినది ఎవరికిని జ్ఞాపకము లేదనుకొంటిమి.

ఒక్కరికి ఉండెను. ఆమె అనుమతితోనే ఈ మాటలు వ్రాయుచున్నాము. ఆమె అరువది దాటిన విధవరాలు. అందరు వెళ్లినదాక గడపలో నిలిచి, "అయ్యగారూ, ఒక్క మాట అడుగుత. అప్పుడది పడ్డప్పుడు దేవుడు పడగొట్టిండని చెప్పిండ్రు. ఇప్పుడు దిగింది, దేవుని దయ అంటున్నరు. మరి మా బోర్ల సంగతి ఏంది?" అనెను.

2018 ఎండకాలములో ఆమె భర్త అర ఎకరము అమ్మి మూడు బోర్లు వేయించెను. మూడవది ఆదివారము ఉదయమున వేసిరి, ఏలయనగా బోరు బండి ఆ దినమే దొరికెను. ప్రార్థనకు మమ్మును పిలువలేదు. మూడింటిలోను తెల్లని రాతిపొడి తప్ప నీటి చుక్క పడలేదు. మరుసటి వేసవిలో ఆయన గుండెజబ్బుతో కన్నుమూసెను. కొన్ని నెలలకే మా బాబెలు ప్రసంగము. దేవుని అడుగక ఆరంభించిన పని అని మేము కేకవేసినప్పుడు, ఆమె చంద్రుని చూడలేదు, తన పొలమును చూచెను. నాటినుండి ఆమె ఆరాధనకు వచ్చెను గాని ప్రభువు బల్లకు రాలేదు. మోకాళ్ల నొప్పులని మేము తలంచితిమి. నాలుగేండ్లు అట్లే తలంచితిమి. ఒక్కసారియు అడుగలేదు.

ఆ గడపలో ఆమెకేమియు జవాబు చెప్పలేక, ఇంటికి వచ్చి చూతునమ్మా అంటిమి.

ఆ రాత్రి లూకా 13 తెరచితిమి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. బాబెలు గోపురమునకు మనుష్యుల గర్వము కారణమని గ్రంథమే చెప్పుచున్నది గనుక మనము చెప్పవచ్చును. సిలోయము గోపురము ఏల కూలెనో గ్రంథము చెప్పదు. పునాది చెడెనో, రాళ్లు జారెనో తెలియదు. చచ్చినవారు తక్కినవారికంటె చెడ్డవారని లెక్కకట్టిన జనులను ప్రభువు ఆపి, ఆ లెక్కను తానే కొట్టివేసెను. పిమ్మట ఆయన వ్రేలు చచ్చినవారి వైపు కాక, వినుచున్నవారి వైపు తిరిగెను. మారుమనస్సు అడిగినది నిలిచియున్నవారిని. ఇది మేమెరుగని సంగతి కాదు. మాకు ఒక గోపురము దొరకినప్పుడు అది బాబెలా సిలోయమా అని అడుగకయే బాబెలని పలికితిమి, అంతే. కూలినది మనది కానప్పుడు అట్లు పలుకుట సులువు.

ఇంకొక లెక్క చూడుడి. మన విక్రమ్ దిగుటకు నాలుగు దినముల ముందు, ఆగస్టు 19న, రష్యావారి లూనా-25 చంద్రునిపై కూలిపోయెను. 1976 తరువాత వారు చంద్రునికి పంపిన మొదటి నౌక అది. మా పాత ప్రసంగము నిజమైనచో, 2019లో మనవారు పాపులు, 2023లో రష్యావారు పాపులు, మనవారు నీతిమంతులైరి! దేవుని తీర్పు వార్తాపత్రికతోపాటు మారునా? యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక అతని ప్రక్కన నేలమీద కూర్చుండినంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిరి. వారు చెప్పిన మాటలు వినుటకు భక్తిగలవే. మేము చెప్పినవియు భక్తిగలవే.

ఈ సంగతి మా సంఘపెద్దలలో ఒకరితో చెప్పగా, ఆయన ఒప్పుకొనలేదు. "అట్లయితే అయ్యగారూ, పడుటలో దేవుని చెయ్యి చూడగూడదంటే, దిగుటలో మాత్రం ఎట్ల చూస్తం? కోతపండుగ మానేద్దమా?" అని అడిగెను. మంచి ప్రశ్న. దానికి మేము కొన్ని దినములు తడుముకొంటిమి. ఇప్పటికి మాకు తోచినది ఇది. ధాన్యపు బస్తా తెచ్చి బల్లయొద్ద పెట్టువాడు, నేను ప్రక్కవానికంటె మంచివాడను గనుక నాకు పండెనని చెప్పుట లేదు. అట్లు చెప్పినచో అది స్తుతి కాదు, దేవాలయములోని పరిసయ్యుని ప్రార్థన. కృతజ్ఞత తాను పొందినదానిని గూర్చి మాటలాడును, తీర్పు ప్రక్కవానిని గూర్చి మాటలాడును. ఎండవాన లిద్దరికిని సమానముగా వచ్చునని ప్రభువు కొండమీద చెప్పెను గదా. ఆగస్టు 27న మేము చేసిన స్తుతిలో రెండును కలిసియుండెనని మాకు అనుమానము. పెద్దగారు తల ఊపిరి గాని, పూర్తిగా ఒప్పుకొన్నట్లు మాకు తోచలేదు.

కారణములు వెదకినచో దేవునికి చోటు తగ్గునని భయపడువారును ఉన్నారు. ఉప్పలునుండి హబ్సిగూడ పోవు దారిలో ఎన్.జి.ఆర్.ఐ. అను సంస్థ 1961నుండి ఉన్నది. మెట్రో రైలులో పోవువారు ఆ పేరుగల స్టేషనును ఎరుగుదురు. భూమి లోపలి సంగతులను, భూకంపములను, భూగర్భజలములను అక్కడివారు పరిశోధింతురు. మన నేల క్రింద నున్నది గట్టి నల్లరాయి. అందులో నీరు చెరువువలె నిలిచియుండదు, రాతి పగుళ్లలో మాత్రమే దాగియుండును. పగులు తగిలిన బోరుకు నీరు పడును, పది అడుగుల ప్రక్కన తగులని బోరు ఎండిపోవును. ఈ సంగతి తెలిసినందువలన దేవుడు చిన్నవాడు కాలేదు. ఒక విధవరాలి నెత్తిమీదనుండి ఒక రాయి మాత్రము దిగును. తెలియనందున ఆ రాతిని పెట్టినవారము మేము.

దిగిన విక్రమ్ ఏమి కనుగొనెనో కూడ రెండు మాటలు. దానినుండి దిగిన ప్రజ్ఞాన్ అను చిన్న బండి నూరు మీటర్ల మేర నడచి మట్టిని పరీక్షించెను. ఆ ఫలితములు 2024 ఆగస్టులో వెలువడినవి. చంద్రుడు మొదట కరగిన రాతి సముద్రముగా ఉండెననియు, తేలికయైన రాయి పైకి తేలి గట్టిపడెననియు శాస్త్రజ్ఞులు తలంచుచుండిరి. ఆ మట్టి దానికి సాక్ష్యమిచ్చెను. దీనివలన ఆదికాండమునకు ఏదో అపాయము కలుగునని భయపడువారికి మేము వేరొకమారు వ్రాయుదుము. ఎనిమిదవ కీర్తన వ్రాసిన దావీదు చంద్రుని చూచి ఆశ్చర్యపడెను గాని భయపడలేదు.

ఆ వారములోనే ఆమె ఇంటికి పోతిమి. ఆమె చాయ పెట్టెను. త్రాగకముందే చెప్పితిమి: "అమ్మా, ఆ ఆదివారము మేము చెప్పినది తప్పు. అది దేవుని మాట కాదు, మా మాట. మీ బోర్లకు, మీ పెద్దాయన చావుకు దానిని తగిలించుకొనవద్దు." రాతి పగుళ్ల సంగతియు చెప్పితిమి. లేతు పనివాని మాటయు చెప్పితిమి, అతని మాట అప్పుడే వినియుండవలసినదని ఒప్పుకొంటిమి. ఆమె చాలసేపు ఊరకుండెను. తరువాత, "మరి ఆ పడ్డది ఇంకా ఆడనే ఉన్నదా అయ్యగారూ?" అని అడిగెను.

"ఉన్నదమ్మా, ముక్కలైనది. అక్కడ గాలి లేదు, వాన లేదు. ఎక్కడిది అక్కడనే ఉండును. చెన్నైలో ఒక ఇంజనీరు ఫొటోలలో వెదకి ఒక ముక్కను కనిపెట్టెను."

"తిట్టనీకి వెదికిండా?"

"కాదమ్మా, ఏమైనదో తెలిసికొనుటకు."

ఆమె గ్లాసులు తీసి ప్రక్కన పెట్టెను. "మూడో బోరు మీద బండ పెట్టి కప్పినం, పిల్లలు పడతరేమోనని. ఐదేండ్లాయె, నేను ఆ దిక్కు పోలే" అనెను. కొంగు నడుమునకు చుట్టుకొని గడప దిగెను. మేమును చెప్పులు తొడుగుకొని ఆమె వెనుక పొలము వైపు నడచితిమి.