నూకలు చెల్లాయా?

యముడంటే మన పిల్లలకు గుర్తొచ్చేది గుడిలో విగ్రహం కాదు, సినిమాలో కైకాల సత్యనారాయణ. కొల్లేటికి అవతల, గుడివాడ వైపు కౌతవరంలో పుట్టిన ఆ నటుడు 1977లో ‘యమగోల’లోనూ, 1994లో ‘యమలీల’లోనూ యముడై గర్జించాడు. పక్కనే చిట్టాతో చిత్రగుప్తుడు. ఆ లోకం కల్పితమే. కానీ ఆ చిట్టా మన మాటల్లో నిజంగానే బతుకుతోంది. ఎవరైనా పోతే ‘రాసిపెట్టి ఉంది’ అంటాం, ‘నూకలు చెల్లాయి’ అంటాం. ఆ మాట ఎవరికి మేలు చేస్తోంది?

మా గణపవరం చుట్టుపక్కల వరిచేలు చాలా చోట్ల చేపల చెరువులయ్యాయి. గట్ల మీద పాకల్లో రాత్రి కాపలా పడుకునేవాళ్లలో మన యానాదులు ఉన్నారు. అలా నేల మీద పడుకున్న ఒక కుర్రవాణ్ణి పాము కరిచింది. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. బండి దొరికేసరికి ఆలస్యమైపోయింది. చెరువు తాలూకు మనిషి వచ్చి, ‘ఏం చేస్తాం, నూకలు చెల్లాయి’ అన్నాడు. మా పెద్దలు తలూపారు. నేనూ ఊపాను. అలా ఊపినందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ మాటలో ఓదార్పు ఉంది, కాదనను. ‘ఇంకో గంట ముందు తీసుకెళ్లి ఉంటే’ అని ఆ తల్లి బతుకంతా కుమిలిపోకుండా అది కాపాడుతుంది. ఆమె అంటే మనం ఎదురు చెప్పకూడదు. కానీ పాకలో ఒక మంచం వేయించనివాడు అదే మాట అంటే, అది ఓదార్పు కాదు. తనకు ఏ బాకీ లేదని తానే రాసుకున్న రశీదు.

యముడికి సమవర్తి అని ఇంకో పేరు. అందరినీ సమంగా చూసేవాడని అర్థం. చావు అందరికీ వస్తుంది, అంతవరకు నిజమే. ఎప్పుడు వస్తుంది, ఎక్కడ పడుకున్నవాడికి వస్తుంది అన్నది మాత్రం సమం కాదు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవాళ్లనే కరుస్తుంది. నొప్పీ వాపూ అంతగా ఉండవు కాబట్టి తెల్లారి చూద్దాంలే అనుకుంటారు. మంచం, దోమతెర, టార్చిలైటు, ఏ వేళకైనా ఆసుపత్రికి బండి, ఇవి చిత్రగుప్తుడు రాసేవి కావు. కూలి మాట్లాడుకునే రోజునే మనం అడగాల్సినవి.

మందు లేదా అంటే ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషంతోనే దాన్ని తయారుచేస్తారు. ఆ విషం తీసి ఇచ్చేవాళ్లలో తమిళనాడు ఇరుల గిరిజనులు ముఖ్యులు. 1978లో వాళ్లు సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. యముణ్ణి గుమ్మంలోంచి వెనక్కి పంపే మందు ఒక గిరిజన జాతి చేతుల మీదుగా వస్తోంది. అది మన పాకకు వేళకు అందకపోతే రాత అని ఎలా సరిపెట్టుకుంటాం?

యముణ్ణి ప్రశ్నించడం తప్పేమీ కాదు. కఠోపనిషత్తులో నచికేతుడనే పిల్లవాడు మూడు రాత్రులు తిండి లేకుండా యముడి ఇంట కాచుకున్నాడు. సిరిసంపదలు ఇస్తాను, చావు సంగతి మాత్రం అడగవద్దని యముడు బతిమాలినా వినలేదు. జవాబు రాబట్టాడు. ‘యమగోల’ హీరో అయితే యమభటుల చేత ఏకంగా సమ్మె చేయించాడు. ప్రశ్నిస్తే చావు దేవుడే జవాబు చెప్పాడు. చెరువు యజమాని చెప్పడా?

మన్యంలో కోయలు చనిపోయినవారి గుర్తుగా రాయి నిలబెడతారు. పైలోకంలో ఉన్న చిట్టాను మనం చదవలేం. రాయి మన కళ్లెదుటే ఉంటుంది. దాన్ని చూసి ‘ఈయన ఎలా పోయాడు?’ అని ఏ పిల్లవాడో అడుగుతాడు. మన గట్ల మీద రాళ్లు లేవు. అయినా ఆ కుర్రవాడి తమ్ముడు బడికి వస్తున్నాడు. అన్న ఎలా పోయాడని వాడు అడిగినప్పుడు, పంతుళ్లమైన మనం నూకల సంగతి చెప్పవద్దు. మంచం లేదని, బండి రాలేదని చెప్పాలి. పాము కరిస్తే కోతలు, కట్లు, మంత్రాలు మాని క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలని ఆ రోజే పాఠంగా చెప్పాలి.