దాసోహములో పేరెవరిది?

దాసోహమునకు పేరుతో పనిలేదనుట వీరశైవ సమాజములో తరచుగా వినబడు మాట. 'నేను చేసితిని' అను తలపు పుట్టిన క్షణముననే ఆ సేవ లింగమునకు చేరక, చేసినవాని అహంకారమునకే నైవేద్యమగునని శరణుల బోధ. ఇందు సందేహింపదగినదేదియు లేదు. కాని ఈ బోధ ఎవరిని ఉద్దేశించినదో విచారింపవలసి యున్నది. ఇది సేవ చేయువానికి చెప్పిన మాట. ఆ సేవను అందుకొను సంఘము దీనిని తనకు అన్వయించుకొని, చేసినవారిని మరచిపోవుటకు అనుమతిగా భావించుచున్నది. ఇచ్చినవాడు మరచుట భక్తి యగును. పుచ్చుకొన్నవాడు మరచినచో దానికి వేరొక పేరు కలదు.

బసవజయంతి ముగిసిన పిదప వెలువడు ప్రత్యేక సంచికలను తిరుగవేసిన చాలును. మొదట గురువుల ఆశీస్సులు, వెనువెంటనే కార్యవర్గము వారి ఛాయాచిత్రములు, అటుపై రూపాయల అంకెలతో సహా దాతల పట్టిక. తెల్లవారుజాముననే పందిటిలో కూర్చుండి వందలకొలది జొన్నరొట్టెలు చేసిన తల్లులు, రాత్రులు మేలుకొని అచ్చుతప్పులు దిద్దిన ఉపాధ్యాయుడు, ఊరూరు తిరిగి కుటుంబముల వివరములు వ్రాసి తెచ్చిన విద్యార్థి, వీరందరును కడపటి పుటలో 'సహకరించిన వారందరికిని' అను ఒక్క మాటలో మునిగిపోవుదురు. ధనమునకు పేరును, ఊరును, అంకెయు కలవు. కాయకమునకు మాత్రము నిష్కామత్వము బోధింపబడును. శ్రమించినవారికి వర్తించి దాతలకు వర్తింపని ఈ నీతి కల్యాణమునుండి వచ్చినది కాదు.

కల్యాణమున జరిగినది మరియొక విధము. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని భండారియై యుండగా ఆయన చుట్టును చేరిన శరణుల పేర్లను గమనింపుడు. మడివాలు మాచయ్య, మేదర కేతయ్య, నులియ చందయ్య, డోహర కక్కయ్య, అంబిగర చౌడయ్య. బట్టలు ఉతుకుట, బుట్టలల్లుట, త్రాళ్లు పేనుట, తోలుపని, పడవ నడుపుట: ఎవరి పని వారి పేరుతో ముడివడి నేటికిని నిలిచియున్నది. బసవని మహిమలో తక్కినవారు కలసిపోలేదు. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమని పేరు పెట్టియు, ఆ గ్రంథమున అధిక భాగమును ఇతర భక్తుల కథలకే వినియోగించెను. బసవని గొప్పతనమును చెప్పుటకు ఆయనకు తోచిన మార్గమదియే కాబోలు.

వచనముల అంకితములను చూచినను ఇదే తెలియును. బసవేశ్వరునిది కూడలసంగమదేవ, అల్లమప్రభువుది గుహేశ్వర, అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున. ప్రతి అంకితమును ఇష్టదైవము పేరే. కర్త తన పేరు చెప్పుకొనలేదు. అయినను ఆ అంకితము వలననే ఏ వచనము ఎవరిదో నిస్సందేహముగా గుర్తింపగలుగుచున్నాము. అహంకారమును విడుచుటకును కర్తృత్వమును నిలుపుటకును వైరుధ్యము లేదని వేరుగా నిరూపింప నక్కరలేదు. ఇక అంబిగర చౌడయ్య తన పేరునే అంకితముగా చేసికొనెను. పడవవాడు తన వృత్తితో కూడిన పేరును వచనము చివర నిలిపినందుకు ఆతడు గర్విష్ఠియని శరణులలో ఎవరును ఆతని వచనములను త్రోసివేయలేదు.

ఆయ్దక్కి లక్కమ్మ అంకితము మరింత ఆలోచింపదగినది: మారయ్యప్రియ అమలేశ్వరలింగ. అందులో భర్త పేరున్నది. అయినను ఆ వచనములు మారయ్యవని ఎవరును వ్రాయలేదు, లక్కమ్మవనియే చెప్పిరి. నేడు రొట్టెలు చేసినది ఇల్లాలైనను సంచికలో పేరు ఇంటి యజమానిది. నేలరాలిన బియ్యము ఏరి దాసోహము చేయు మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు, తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపిన ఇల్లాలామె. తమ కాయకమునకు మించిన బియ్యము వలదన్నవారి సంప్రదాయములో, తమ పనికి మించిన పేరును ఇంట ఉంచుకొనుట ఎట్లు చెల్లును?

ఈ వచనములు మనవరకు వచ్చిన త్రోవలో కూడ పేరులేని చేతులు అనేకము. విజాపురపు న్యాయవాది ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964) తాళపత్రములను వెదకి సేకరించి 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. 1926లో శివానుభవ పత్రికను స్థాపించెను. ఆయనకు ప్రతులు దొరకుటకు కారణము, అంతకుముందు తరతరములుగా మఠములలోను ఇండ్లలోను ఆకులు శిథిలమగుచున్న కొలదియు తిరిగి వ్రాసిపెట్టిన వ్రాయసకాండ్రు. వారిలో పలువురి పేర్లు ఇక ఎన్నటికిని తెలియవు. తెలిసికొనుటకు వీలున్న కాలములో ఎవరో ఒకరు వ్రాసిపెట్టి యుండవలసినది.

పేర్లు వేసినచో కలహములు పుట్టునని పెద్దలు భయపడుదురు. ముందువెనుకల విషయమై అలుకలు కలుగుట నిజమే. కాని ఆ కలహములు మిక్కిలిగా గౌరవ పదవుల వరుస గూర్చి వచ్చునవి. 'ఫలానావారు వంట చేసిరి, ఫలానావారు ప్రతి దిద్దిరి' అని చేసిన పనిని చెప్పి పేరు వ్రాసిన చోట వివాదమునకు తావు తక్కువ, ఏలయనగా పని అందరును చూచినదే. అసలు దోషము పని చేయనివాని పేరును గౌరవార్థము చేర్చుటలో కలదు. అది ఒకని శ్రమను మరొకనికి దానము చేయుట.

పేరు వలదనువారును ఉందురు. వారి ఇష్టమును మన్నింపవలసినదే. కాని ముందుగా అడుగవలయును. అడుగకయే 'ఆయనకు పేరు గిట్టదు' అని నిర్ణయించుట తగదు. ఆ పనిని వ్రాసి, చేసినవారు పేరు కోరలేదని చెప్పుట సత్యమునకు దగ్గర. మఠము కార్యాలయమున జమాఖర్చుల పుస్తకము ప్రక్కనే మరియొక పుస్తకము ఉంచి, పని జరుగుచున్న నాడే ఎవరు ఏమి చేసిరో వ్రాసికొనుటకు పెద్ద శ్రమయేమియు లేదు. ఉత్సవము ముగిసిన పిదప జ్ఞాపకము తెచ్చుకొన బూనినచో వేదికపై నున్నవారే గుర్తుకు వత్తురు. అచ్చులో ఒక పేరు తప్పిపోయినచో తరువాతి సంచికలో, ఆ పనిని మరల పేర్కొని, అందరికిని కనబడు పుటలో ప్రకటింపవచ్చును. త్రైమాసికమైనచో అందుకు మూడు నెలల వ్యవధి ఉండనే యున్నది.