మనోధర్మం - వ్యాపార ధర్మం

చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలు దిగితే ఇల్లాలు ఏం చేస్తుంది? పొయ్యిమీది పప్పులో నీళ్ళూ, కాస్త చింతపండు పులుసూ పోసి, ఇంగువ తిరగమోత పెట్టి పప్పుచారు చేసేస్తుంది. దాన్ని నేర్పు అంటాం. అదే ఏ హోటలువాడో నీళ్ళు పోసిన పప్పును ముద్దపప్పంటూ వడ్డిస్తే మోసం అంటాం. పప్పూ అదే, నీళ్ళూ అవే. మరి తేడా ఎక్కడుందంటారు?

నాకైతే దీనికి జవాబు సంగీతంలో కనిపిస్తుంది. కచేరీలో కీర్తన నేర్చుకున్నదే పాడతారు. ఆలాపన, నెరవు, స్వరకల్పన మాత్రం అప్పటికప్పుడు అల్లుకోవాలి. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు మనోధర్మం. మనసుకు స్వేచ్ఛ ఇస్తూనే పక్కన ధర్మాన్ని కూర్చోబెట్టారు చూడండి! మోహన రాగంలో మధ్యమం లేదు, నిషాదం లేదు. మిగిలిన ఐదు స్వరాలతో గంటసేపు పాడినా ఎవరూ కాదనరు. చప్పట్ల కోసం మధ్యమం పట్టుకున్నారో, అది మోహన కాదు.

బుర్రకథ చూడండి. షేక్ నాజర్ (1920-1997) పేరు చెప్పగానే గుర్తొచ్చే కళ అది. కథకుడు కథ నడుపుతుంటే ఒక వంత హాస్యం అందిస్తాడు, మరో వంత నిన్నమొన్నటి రాజకీయాన్ని తెచ్చి ముడిపెడతాడు. ఊరు మారితే హాస్యం మారుతుంది, కథ మారదు. ఒకరు తడబడితే రెండోవారు మాట అందుకుంటారు గాని, జనం ముందు కసురుకోరు.

వ్యాపారానికి కావలసిందీ ఇదే. మా వికారాబాదు ఇంటికి బండలు వేయించేటప్పుడు తాండూరు వెళ్ళాం. మొదటి దుకాణంలో పలచని బండలు కలిపేసి, “తడిపితే ఒకటే రంగమ్మా” అన్నారు. రెండోచోట యజమాని లేడు, ఇరవై ఏళ్ళ కుర్రాడున్నాడు. “నీలం బండలు ఆరు తక్కువ పడుతున్నయమ్మా. గోడపొంటి పసుపు బండ పెడదాం. రంగు వేరే కొడతది, ముందే చెప్తున్న” అన్నాడు. తరవాత వచ్చిన యజమాని లెక్క చూసుకుని తల ఊపాడు, అంతే. ఇద్దరూ ఉన్నదానితో సర్దినవాళ్ళే. ఒకరు నాకు తెలియకుండా సర్దారు, ఒకరు చెప్పి సర్దారు.

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్లం చిన్నది చేయొచ్చు, ధర తగ్గించొచ్చు, తెలిసినవాళ్ళకు అరువివ్వొచ్చు. మరో ఊరి పప్పు కలిపి తాండూరు పేరు పెట్టారా, అది మోహనలో మధ్యమమే!

ఇక పెద్ద కంపెనీల సంగతి దీనికి తలకిందులు. ఫోనెత్తిన అమ్మాయి మన గోడు వినకుండా, రాసిచ్చిన నాలుగు వాక్యాలే వల్లిస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు. సొంతంగా ఒక్క మాట చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఆమె భయం.

సరళీవరసలు ఏళ్ళ తరబడి సాధన చేయించకుండా ఏ గురువూ శిష్యురాలిని ఆలాపనకు కూర్చోబెట్టడు. కూర్చోబెట్టాక మాత్రం ఆమె గొంతుకు అడ్డురాడు. యజమాని చేయవలసిందీ అంతే: నేర్పాలి, తాకకూడని స్వరమేదో చెప్పాలి, ఆపైన నమ్మాలి. నమ్మకం లేనిచోట పనివాడు బొమ్మవుతాడు. హద్దు లేనిచోట దొంగవుతాడు.