కరివేపాకు కొమ్మ మీద పురుగు



తొలకరి జల్లులు పడగానే మీ పెరటిలోని నిమ్మ, కరివేపాకు చెట్లను దగ్గరగా చూడండి. లేత ఆకుమీద పిట్టరెట్టలాంటి మచ్చ కనిపించవచ్చు. అది మచ్చ కాదు, సీతాకోకచిలుక పురుగు. పెరిగేకొద్దీ పచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. తిండి మాని, సన్నని దారంతో కొమ్మకు కట్టుకొని, కొన్ని దినములకు రెక్కలతో వెలుపలికి వస్తుంది.

గత సంవత్సరం మా గురుమందిరం పెరటిలో ఆకులకు చిల్లులు చూచి, మందు తెప్పించి నేనే కొట్టాను. ఆ ఆదివారం సత్యోపదేశ తరగతిలో, ఆకాశపక్షులను పరలోక తండ్రి పోషిస్తాడని మత్తయి సువార్త 6వ అధ్యాయం వివరిస్తున్నాను. ఒక చిన్నారి లేచి, "ఫాదర్ గారూ, ఆ చెట్టుమీద పిట్ట గూడుంది. అది పిల్లలకు పురుగులే కదా పెట్టేది! ఇప్పుడు దేవుడు వాటికి ఏం పెడతాడు?" అని అడిగింది. నాకు మాట రాలేదు.

దేవుడు తన సృష్టిని సృష్టిప్రాణుల ద్వారానే పోషిస్తాడన్న పునీత తోమాసు అక్వినాసు వారి బోధను పెద్ద గురువిద్యాలయంలో చదివి పరీక్షలో వ్రాశాను. కాని ఆ పురుగే పిట్టపిల్లలకు తండ్రి చాచిన చెయ్యి అని ఆనాడే గ్రహించాను. ఆ చేతిని నేనే అడ్డుకున్నాను. దీనిని పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను.

గింజలు తినే పిచ్చుక సైతం గూటిలోని పిల్లలకు పురుగులే తెచ్చిపెడుతుంది. మన పెద్దలు చూరుకు వరికంకుల కుచ్చులు కట్టింది ఆ పిచ్చుకల కోసమే. పొలం అంచుల వరకు కోయక పేదలకు, పరదేశులకు విడిచిపెట్టమని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. పునీత అస్సీసీ ఫ్రాన్సిసువారు మఠం తోటలో కొంత భాగాన్ని అడవిపూల కొరకు అలాగే వదలమన్నారని పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో జ్ఞాపకం చేశారు.

తల్లిదండ్రులారా, మీ పెరటిలో ఒక మూల మందు కొట్టకండి. జామచెట్టు చిటారుకొమ్మన నాలుగు కాయలు చిలుకలకు వదలండి. ఎండకాలం మట్టిమూకుడులో నీళ్లు పెట్టి, రోజూ మార్చండి. ఆ పని పిల్లలకు అప్పగించండి. సాయంకాల జపమునకు ముందు వారు చూచినదేదో చెప్పనివ్వండి.

ఈ ఏడు మా కూరలో కరివేపాకు తగ్గింది. కాని ఒక ఉదయం, పూజకు వెళ్లబోతూ, తడి రెక్కలు ఆరబెట్టుకుంటున్న సీతాకోకచిలుకను చూచి నిలిచిపోయాను. ఆనాటి దివ్యపూజలో నా కృతజ్ఞతాస్తుతి అదే.

సృష్టికర్తయైన తండ్రి మిమ్ములను, మీ ఇంటిని, మీ పెరటిని దీవించునుగాక!