వచ్చి చూడు, నీ చెయ్యి కూడా చూసుకో

 

ధమ్మం "నమ్ము" అనదు, "వచ్చి చూడు" అంటుంది. పాళీలో ఆ మాటే ఏహిపస్సికో. ఇప్పుడు చూడటానికి కొత్త పనిముట్టు ఒకటి వచ్చింది, వర్చువల్ రియాలిటీ. కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుంటే చాలు, మన గది మాయమై ఇంకో లోకంలో నిలబడతాం. తల ఎటు తిప్పినా ఆ లోకమే.

అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ ఆచార్యురాలు కోర్ట్నీ కాగ్‌బర్న్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ల్యాబుతో కలిసి "1000 కట్ జర్నీ" అనేది తయారుచేశారు. 2018లో దాన్ని జనానికి చూపించారు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు అందులో మైఖేల్ అనే నల్లజాతి మనిషి అవుతారు. చిన్నప్పుడు బడిలో శిక్ష. కుర్రాడయ్యాక వీధిలో పోలీసులు. పెద్దయ్యాక ఉద్యోగం దగ్గర వివక్ష.

విడివిడిగా చూస్తే టీచరు కోపిష్టి, పోలీసు దురుసు అనుకుని ఊరుకుంటాం. కొద్ది నిమిషాల్లోనే మూడూ వరసగా మీద పడితే, వాటిని కలిపే వ్యవస్థ కనపడుతుంది.

మనకా హెడ్‌సెట్ అక్కర్లేదు. వేరే గ్లాసులో టీ తాగిన తాతలు మన ఇళ్లల్లోనే ఉన్నారు. కానీ అనుభవించినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. "నాలోనే ఏదో లోపం ఉందేమో" అని హాస్టల్లో ఒంటరిగా ఏడ్చే మన బిడ్డకి ఆ వరస ఎవరూ చూపించలేదు. బుద్ధుడు చెప్పిన పటిచ్చ సముప్పాదం చూపించేది దాన్నే. ఏ దుఃఖమూ ఊరికే పుట్టదు. కారణాలు కూడితే పుడుతుంది, కారణం తీసేస్తే ఆగుతుంది.

అదే కొలంబియాలో 1916 మే 9న, పాతికేళ్ల బాబాసాహెబ్ భారతదేశంలో కులాల గురించి పత్రం చదివారు. సొంత కులంలోనే పెళ్లి, అదే కులానికి ఇరుసు అని తేల్చారు.

మరి మన సంగతేంటి? 22 ప్రతిజ్ఞలు చేశాం. ఇంట్లో బుద్ధుడి బొమ్మ పెట్టుకున్నాం. పిల్లకి సంబంధం వస్తే మాత్రం "మనోళ్లేనా?" అని గుసగుసగా అడుగుతున్నాం. మాల ఇంటి పిల్లని మాదిగ ఇంటికివ్వడానికి, మాదిగ ఇంటి పిల్లని మాల ఇంటికివ్వడానికి ఇంకా వెనకాడుతున్నాం. ఆ ఇరుసుకి నూనె పోస్తున్నది ఎవరి చేతులు?

హెడ్‌సెట్ మనల్ని దెబ్బ తిన్నవాడి చోట నిలబెడుతుంది. ధమ్మం మన చెయ్యి ఎక్కడుందో కూడా చూసుకోమంటుంది. హెడ్‌సెట్ తీసేస్తే ఆ లోకం పోతుంది. కులం అలా పోదు, ఇరుసు విరగ్గొట్టాల్సిందే.

ఈ ఆదివారం బుద్ధ వందన అయ్యాక పెద్దలు తమకు జరిగింది చెప్పండి, పిల్లలు వింటారు. ఆ తర్వాత పెళ్లి సంబంధాల మాట ఎత్తుదాం. ఉపకులం పేరు అడగకుండా.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!